పారిస్ నుంచి తొమ్మిది గంటలు

ఉదయం ఆరున్నరకు పాలవాడు గిన్నె నింపి వెళ్ళాడు. ఆ పాలు కాగేలోగా మా అమ్మ పోయింది.

ఎనభైల మొదట్లో, పుదుచ్చేరి ముత్తియాల్‌పేటలో జరిగిన సంగతి ఇది. అక్క పారిస్‌లో ఉండేది. కబురు అందగానే ఎదురింటికి ఫోన్ చేసింది. రాత్రి పదింటికి విమానం ఎక్కుతున్నానని, అమ్మ ముఖం చూసేదాకా ఆపమని ఏడ్చింది.

"ఎప్పుడొస్తాదిరా? మీ అమ్మ కింద ఐసు ఎంతసేపు ఆగతాది?" అన్నాడు మామ.

ఇంట్లో పుస్తకాలు చదివేవాణ్ణి నేనొక్కణ్ణే. కాబట్టి భూగోళం నా శాఖ. అట్లాసు మీద స్కేలు పెట్టి కొలిచాను. ఎనిమిది వేల కిలోమీటర్లు, గంటకు తొమ్మిది వందలు, మొత్తం తొమ్మిది గంటలు.

"పొద్దున ఏడుకు మద్రాసు. కారులో పదకొండుకు ఈడ."

"చదువుకున్నోడంటే ఇట్లుండాల," అని మామ మెచ్చుకున్నాడు.

మర్నాడు పదకొండు దాటింది, పన్నెండు దాటింది. అక్కకు విమానం తప్పిపోయిందని పెద్దలు తేల్చారు. నేనూ తలూపాను. ఎంతో ఉదారంగా రెండింటిదాకా ఆగి, అమ్మను తీసుకుపోయాం.

దీపాలు పెట్టే వేళకు అక్క కారు దిగింది.

"అమ్మ యాడరా?"

జవాబుగా నేను నా లెక్క చెప్పాను.

"ఆడ పది కొట్టినప్పుడు ఈడ తెల్లారుజాము రెండున్నర కదరా! బొంబాయిలో దిగి ఇంకో విమానం ఎక్కాల. అదంతా నీ స్కేలు మీద లేదా?"

లేదు. గడియారాల తేడా గురించి మాత్రం చాలా పుస్తకాల్లో చదివి ఉన్నాను.

ఇప్పుడు మా ఇంట్లో రావలసినవాళ్ళు గడప దాటేదాకా ఎవరినీ తీసుకుపోరు. వాళ్ళు ఎప్పటికి వస్తారని నన్నెవరూ అడగరు.