నిండు నీళ్ళ రోజు

మా బావ సరంగు. జలపాతం కింద మడుగులో, చూడవచ్చినవాళ్ళని మోటారు పడవ ఎక్కించుకుని పైనుంచి పడే నీటి దగ్గరదాకా తీసుకెళ్ళి తీసుకొస్తాడు. అందరికీ ఆయన సరంగే. నాకు మాత్రం బావ, మా అక్కని కట్టుకున్న పాపానికి నాచేత నానా మాటలూ పడేవాడు.

మా జలపాతానికి ఎత్తు కన్నా వెడల్పు ఎక్కువ. వానలు దండిగా పడ్డప్పుడు ఆ గట్టు నుంచి ఈ గట్టు దాకా రాయన్నది కనబడకుండా నీరే. మిగతా రోజుల్లో పాయలుగా చీలిపోయి, మధ్యలో నల్లరాళ్ళు తేలతాయి. వచ్చినవాళ్ళకి అదీ బాగానే ఉంటుంది. నోళ్ళు తెరుచుకుని చూస్తారు, ఫోటోలు దిగుతారు, తడిసి ముద్దై నవ్వుకుంటూ పోతారు. బావకి మాత్రం అది కంటికి ఆనేది కాదు. "ఇదీ ఒక జలపాతమేనా, చిల్లుల గొడుగు కారినట్టు!" అని పెదవి విరిచేవాడు.

పడవెక్కేవాళ్ళకి అద్దెకిచ్చే రెయిన్‌కోట్లన్నీ సాయంత్రానికి అక్క దగ్గరికి చేరేవి. ఇంట్లో వెనక గదంతా వాటిదే. ఓ మూల సిమెంటు తొట్టి, ఈ గోడ నుంచి ఆ గోడకి తీగలు, ఎప్పుడూ వదలని తడి ప్లాస్టిక్ వాసన. ఒక్కో కోటునీ తిరగేసి, సబ్బు నీళ్ళలో జాడించి, ఆరేసి, చిరిగినచోట టేపు అతికించి మడత పెట్టేది. "నీ జలపాతం నాకు తెలియందేం కాదులే, రోజూ నా తొట్టిలోకే వస్తోందిగా" అని బావని ఆటపట్టించేది. అన్నన్ని కోట్లు ఉతికింది గానీ ఒక్కటీ తను తొడుక్కోలేదు.

అడక్క కాదు. పెళ్ళైన కొత్తలోనే అడిగింది. "నన్నోసారి నీ పడవలో తీసుకెళ్ళవయ్యా."

"ఈ నీళ్ళకా? ఆగు. నిండిన రోజు తీసుకెళ్తా. నా పెళ్ళానికి చూపిస్తే నిండు జలపాతమే చూపిస్తా."

ప్రేమతోనే అన్నాడు, కాదనను. కానీ అందులో ఉన్న తిరకాసు చూడండి. జలపాతం నిండిన రోజున మడుగు సుడులు తిరుగుతుంది. ఎర్రజెండా ఎగరేసి పడవలన్నిటికీ గొలుసులు వేసేస్తారు. జెండా దించేసరికి మళ్ళీ రాళ్ళు తేలతాయి. సరంగుకి ఈ సంగతి తెలియదా? తెలుసు. అయినా జెండా దిగాక, రాళ్ళు తేలకముందు ఒక్క మంచి పూట దొరక్కపోతుందా అని ఆయన ఆశ. అడపాదడపా దొరికింది కూడా. ఆ పూట పడవ నిండా జనం. అక్క వంతు మాత్రం వచ్చే వానలకి వాయిదా.

"వెళ్ళి గట్టు మీద నుంచైనా చూసి రావే" అని నేనంటే అక్క వినేది కాదు. వెళ్తే ఆయన పడవలోనేనట. ఇద్దరికిద్దరూ సరిపోయారు! నేను బావతో దెబ్బలాడేదాన్ని. "జలపాతాన్ని ఇస్త్రీ చేయించి చూపిస్తావా ఏంటి బావా?"

"ఊరుకోవే మరదలా. జలపాతం ఎక్కడికి పోతుంది?"

జలపాతం ఎక్కడికీ పోలేదు. అక్క చూపు పోయింది.

మొదట కోట్ల మీద తేడా కనబడింది. చిరుగు ఒకచోట, టేపు ఒకచోట. కళ్ళజోడు మారిస్తే సరిపోతుందనుకున్నాం. కంటి నరం దెబ్బతిందనీ, పోయిన చూపు ఇక రాదనీ, ఉన్నది కూడా నిలుస్తుందన్న నమ్మకం లేదనీ చెప్పాడు డాక్టరు. అప్పుడు నడివేసవి. బావ అడిగిందేమిటో తెలుసా? "వానలు పడేదాకా ఆగుతుందాండీ?" నాకు ఒళ్ళు మండిపోయింది. అప్పటికప్పుడు చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళాల్సిన మనిషి, ఇంకా నిండు నీళ్ళ కోసమే చూస్తున్నాడు.

ఆ ఏడు వానలు ఆలస్యమయ్యాయి. ఒక ఉదయం అక్క తొట్టి అంచు కోసం గోడంతా తడుముకోవడం బావ గుమ్మంలో నిలబడి చూశాడు. తీగ మీది కోటు ఒకటి లాగి ఆవిడకి తొడిగాడు. నన్నూ తోడు రమ్మన్నాడు.

ఇంకా జనం రాలేదు. అక్క పడవలో కూర్చుని కోటు చేతిని వేళ్ళతో నిమిరి, "ఇక్కడ అతికించింది నేనే" అంది సంబరంగా. నీటి తుంపర మొహాన కొట్టేంత దగ్గరికి తీసుకెళ్ళి, ఆవిడకి బాగా వినబడాలని బావ ఇంజను ఆపేశాడు.

"ఎలా ఉందయ్యా?"

"నిండుగా ఉందే. ఆ గట్టు నుంచి ఈ గట్టు దాకా ఒకటే నీరు."

నేను తల తిప్పుకున్నాను. ఎదురుగా బక్కపాయలు, వాటి మధ్య ఎండిన నల్లరాళ్ళు.

అక్క తల అటూ ఇటూ తిప్పుతూ కాసేపు విన్నది. "ఇటో పాయ, అటో పాయ. మధ్యలో ఏమీ లేదుగా" అని మెల్లగా నవ్వింది.

తుంపరకి మొహం ఎత్తి, "నాకు ఇదే సరిపోయేదయ్యా" అంది. "పెళ్ళైన కొత్తలో తీసుకొచ్చుంటే, ఈ రాళ్ళతోనే చూసుకునేదాన్ని."

గట్టు మీద జనం పోగై పడవ కోసం కేకలేస్తున్నారు. బావ ఇంజను స్టార్టు చేసే తాడు చేత్తో పట్టుకున్నాడు గానీ లాగలేకపోయాడు.