బర్కాలో ఫ్లారెన్స్ గుమ్మటం

నా చిన్నప్పుడు మా తాతయ్య మస్కట్ దగ్గర బర్కాలోని ఒక ఖర్జూరపు తోటలో గుమ్మటం కట్టించారు. గోదావరి ఒడ్డున రెండు ఊళ్లు ఏలిన ఇంటి మనిషి ఆయన. అన్నీ పోయాక మస్కట్‌లో ఒక కంపెనీకి ఫోర్‌మన్‌గా వచ్చారు. ఆయన ఎవరి ముందైనా వంగి మాట్లాడగా నేను చూడలేదు.

తోట యజమాని అతిథుల గదికి ఇటుక గుమ్మటం కావాలన్నాడు. ఇటలీలో ఫ్లారెన్స్ పెద్ద చర్చి పద్ధతిలో కడతానన్నారు తాతయ్య. పని సగంలో ఉండగా ఒక రోజు నన్ను సైట్‌కు తీసుకెళ్తూ దారి పొడుగునా ఆ చర్చి కథే చెప్పారు. ఆ ఊరివాళ్లు కప్పు ఎలా వేయాలో తెలియకుండానే గోడలు లేపేశారట. ఎన్నో ఏళ్లు పూజాపీఠం మీద ఆకాశమే కప్పు. అంత వెడల్పు గుమ్మటానికి కింద చెక్క చట్రం నిలపాలంటే కలప చాలదు. చివరికి ఒక కంసాలి వచ్చి, ఒకదాని లోపల ఒకటిగా రెండు గుమ్మటాలు, చట్రం లేకుండానే వరస మీద వరసగా లేపాడట. వరస చుట్టూ తిరిగి కలిసిందంటే ఇక పడదు. కలిసేదాకానే భయం.

మేం చేరేసరికి, కలవని వరసలోంచి ఇటుకలు జారి కింద పడి ఉన్నాయి. ఎవరికీ తగల్లేదు. కడప మేస్త్రీ, అతని మనుషులు దిగివచ్చి నిలబడ్డారు. యజమాని కేకలు వేయలేదు. తప్పు ఎవరిదో చెప్పమన్నాడు. వాణ్ణి రేపే స్వదేశం పంపించి, గుమ్మటం కూలగొట్టి స్లాబ్ వేయిస్తానన్నాడు.

తాతయ్య పైకెక్కి చూశారు. పడుకోబెట్టిన ఇటుకల మధ్య అక్కడక్కడ ఒకదాన్ని నిలబెట్టాలి. తడి మాలు మీద వాలుగా ఉన్నవాటిని అదే పట్టి ఆపుతుంది. ఫ్లారెన్స్ కిటుకు అంతా అదే. గోడలు కట్టిన చేతి అలవాటుతో, పని తొందరగా సాగుతుందని, మేస్త్రీ వాటిని మానేశాడు. తాతయ్య దిగుతుంటే అతని మొహంలో నెత్తురు లేదు.

“గల్తీ నాది, అర్బాబ్,” అన్నారు తాతయ్య యజమానితో. “పొద్దుగూకేలోగా వరస కలుపుతాం. కడుతున్నంతసేపూ నేను కిందే నిలబడతాను.”

యజమాని ఒప్పుకున్నాడు. మేస్త్రీ మాత్రం గుంజకు ఆనుకుని కదల్లేదు. “వద్దు సామీ. ఒక్కటి జారినా నీ తలకాయ మిందనే పడ్తాది.”

“అయితే నిలువు ఇటుక మరిచిపోకు.”

మేస్త్రీ తాపీ అందుకుని పైకెక్కాడు. తాతయ్య నన్ను బయటికి పొమ్మన్నారు. గుమ్మం దాకా వెళ్లి ఆగిపోయాను. పైన తాపీ చప్పుడు ఆగినప్పుడల్లా ఆయన తలకేసి చూసేదాన్ని. ఒకసారి మాలు ముద్ద ఆయన భుజం మీద పడింది. ఆయన దులుపుకోలేదు, తలెత్తి చూడలేదు. వెలుగు ఎర్రబడుతుండగా ఆ వరసలో చివరి ఇటుక బిగిసింది. యజమాని ఒకసారి పైకి చూసి, తల ఊపి వెళ్లిపోయాడు. మేస్త్రీ కాళ్ల మీద పడబోతే తాతయ్య పడనివ్వలేదు. భుజం మీది మాలు అప్పుడు దులుపుకున్నారు.

అంతవరకూ మావాళ్లు నిటారుగా నడిచేది ఎవరికీ లొంగకూడదనే అనుకునేదాన్ని. ఇప్పుడు మస్కట్‌లోనే అజైబాలో నాకొక ఆఫీసుంది. నా కింద పనిచేసేవాళ్ల తప్పు గురించి అడగడానికి ఎవరైనా వస్తే, మోకాళ్లు సలుపుతున్నా కుర్చీలోంచి లేస్తాను. కూర్చుని జవాబు చెప్పను. చెప్పేటప్పుడు వెనక్కి తిరిగి ఎవరివైపూ చూడను.