మాంసం ముట్టని నలుగురు

మొబేనిలో మా గోడౌన్ స్టోర్స్ ఇందిర చూసేది. వెరులం నుంచి రోజూ షేర్ టాక్సీలో వచ్చేది. ఒకప్పుడు ఓడల్లో ఆ దేశం చెరకు తోటలకు కూలికి వచ్చిన తెలుగువాళ్ళలో నాలుగో తరం మనిషి. నేను హైదరాబాదు నుంచి వెళ్ళి అక్కడ కంప్యూటర్లు చూసేవాణ్ణి. "ఇందిర గారూ" అంటే చాలు, వెనక్కి తిరిగి చూసేది. "గారు ఎవురు, అన్నా? నా ఎనకాల ఎవురైనా ఉండారా?"

అక్కడ అన్ని రంగులవాళ్ళూ మొదటిసారి కలిసి ఓట్లు వేసిన ఏడాది, తొంభై నాలుగులో, ఒక పాత కంప్యూటర్ కొనుక్కుంది. అందులో ఒక ఆట. ఒక వీరుడు, ముగ్గురు తోడు మనుషులు ఊళ్ళు తిరుగుతుంటారు. వాళ్ళకు ఆకలి వేస్తే సంచిలోంచి తీసి మనమే పెట్టాలి. ఆ ఏడాది పురటాసిలో, దేవుడి పేర అక్కడివాళ్ళు మాంసం ముట్టని నెలలో, ఇంట్లో మానేసినప్పుడు ఇందిర ఆటలోని ఆ నలుగురికీ మాన్పించింది. నెల దాటాక తను కోడికూర తింది గాని, ఆ నలుగురికి మాత్రం ఆట ముగిసేదాకా రొట్టె, పళ్ళే అని ఒట్టు పెట్టుకుంది. ఆదివారాలు మాత్రమే ఆడుతూ అయిదేళ్ళు గడిపింది. చివరి కోట మిగిలి ఉండగా కంప్యూటర్ చెడిపోయింది. కొత్తదాంట్లో ఆ ఆట నడవలేదు.

అప్పుడే ఇంటర్నెట్‌లో నాకొకటి దొరికింది. బొమ్మలు, ఊళ్ళు, మాటలు మన దగ్గరున్న పాత ఆటవే. వాటిని నడిపే ప్రోగ్రామును మాత్రం ఎవరెవరో కొత్తగా రాసి, ఎవరైనా దిద్దుకునేలా అందరికీ ఇచ్చేశారు. ఒక ఆదివారం ఇందిర ఇంటికి వెళ్ళి, పాత డిస్కునే కొత్త కంప్యూటర్లో బిగించి ఆట నడిపించాను. అంతవరకూ ఆడిన ఆటకు కాపీ తీసి ఉంచలేదు. ఆ తప్పు నాదే.

ఇందిర కాసేపు ఆడి, ఎప్పటిలాగే పాతది చెరిగిపోయేలా దాని మీదే సేవ్ చేసింది; ఇక వెనక్కి వెళ్ళే దారి లేదు. తర్వాత సంచి తెరిచింది.

"హావు! అన్నా, ఈళ్ళు తినేసినారు!"

కోట కాపలావాడికి ఇవ్వాలని ఉంచిన ఎండుమాంసం లేదు. ఆకలేసి నలుగురూ వాళ్ళంతట వాళ్ళే తీసుకు తిన్నారు.

వాళ్ళమ్మ భాగ్యం టీ పెడుతూ నవ్వింది. "తెలవక తిన్నారు గదా. నీళ్ళు పోసుకోమను."

"నీకు నవ్వులాటగా ఉందా అమ్మా? అయిదేళ్ళు!"

ఆమె చెబుతుంటే ఆ ప్రోగ్రాము రాసేవాళ్ళకు నేనే ఉత్తరం కొట్టాను. నాలుగు రోజులకు జవాబు వచ్చింది. మనం పెట్టకుండా ఆటలో ఎవరూ తినకూడదు, అది మా పొరపాటే, దిద్దుతాం అన్నారు. ఆడేవాళ్ళందరూ మాంసంతో సహా అన్నీ పెడుతున్నారు గనక ఇన్నాళ్ళూ ఎవరికీ కనిపించలేదట. ఇంకో మాట కూడా రాశారు. ఈ ప్రోగ్రాముతో ఆట మొదటి నుంచి చివరిదాకా ఇంతవరకూ ఎవరూ ఆడలేదట.

ఆ ఆదివారం ఇందిర ఆట తెరవలేదు. సోమవారం భోజనాల దగ్గర అడిగింది. "మొదట్నించీ ఆడితే వాళ్ళకు పనికొస్తాదా?"

"చాలా."

"అయితే ఈసారి శనివారాలు కూడా ఆడతా."

మూడేళ్ళు పట్టింది. ఎక్కడ తలుపు తెరుచుకోకపోయినా, ఎవడు గోడలో ఇరుక్కున్నా రాసి పంపేది, వాళ్ళు దిద్దేవాళ్ళు. కోట గెలిచిన ఆదివారం నాకు ఫోన్ చేసింది. "ఒక్క ముక్క ముట్టలేదన్నా, నలుగురూ."

వెనక నుంచి భాగ్యం గొంతు వినిపించింది. "ఇంక ఆళ్ళకు కూర పెట్టొచ్చా అమ్మాయ్?"

"యాడ పెట్టేదమ్మా? ఆట అయిపోయింది."