ఆరువందల యాభై కిలోల కారుకు లోడ్ టైర్లు

2019 జూన్ 14, శుక్రవారం, ఉదయం పది గంటల ఇరవై నిమిషాలు. ప్రొద్దుటూరులో జమ్మలమడుగు రోడ్డు మీదున్న మా టైర్ల కొట్టు ముందు ఎర్రటి రెండు సీట్ల స్పోర్ట్స్ కారు ఆగింది. మా ఆయన పోయినాక ఆ కొట్టు నేనే నడుపుతున్నాను. అప్పటికి నడపబట్టి ఇరవై రెండేళ్లు. అంత చిన్న కారు మా గడపకు రావడం అదే మొదలు.

దిగినవాడు బ్రహ్మయ్య, బంగారు కమ్మల్లో రాళ్లు పొదిగే పనివాడు. తుక్కు కింద దొరికిన ఆ కారును నాలుగేళ్లు కూర్చుకుని నిలబెట్టుకున్నాడు. బాడీ అంతా ఫైబర్. టైర్లు మాత్రం ఎండకు బీటలు వారి ఉన్నాయి.

"ఎంత బరువప్పా ఇది?" అన్నాను.

"ఎవరు తూచినారక్కా?"

"పోయి తూచుకోని రా."

నాపరాళ్ల లారీలు తూచే వేబ్రిడ్జి మా కొట్టుకు నాలుగడుగుల దూరం. అక్కడి డ్రైవర్లు, "ఏమప్పా, కారును నెత్తిన పెట్టుకోని రాకూడదా?" అని నవ్వారట. చీటీలో ఆరువందల యాభై కిలోలు అని వచ్చింది.

టైరు ఎంచడంలో మొదట చూడాల్సింది బరువే. బండి తన బరువుతో టైరును కొంచెం అణచాలి. అప్పుడే రబ్బరు రోడ్డును పట్టుకుంటుంది. ఇంత తేలిక బండికి పక్కలు మెత్తగా, రబ్బరు మెత్తగా ఉండే కారు టైరు కావాలి, గాలి కూడా తక్కువ పెట్టాలి. వెడల్పు 155, రిమ్ము 13 అని కొలిచి మా కొట్టు చీటీ మీద రాసిచ్చాను. అటువంటివి మా దగ్గర లేవు. తెప్పించడానికి బుధవారం అవుతుందన్నాను.

"ఆదివారం పులివెందులలో మా బామ్మర్ది కొత్తింట్లో చేరుతాండాడక్కా. ఈ కారును తట్ట అన్నాడు వాడు. దీంట్లోనే పోయి దిగల్ల."

"బస్సులో పో. బుధవారం దాకా దీన్ని కదిలియ్యద్దు."

తల ఊపి వెళ్లాడు.

శనివారం వేములలో మా పెద్దక్క కర్మ ఉంటే పోయాను. కొట్టులో మా మరిది ఓబులేసును కూర్చోబెట్టాను. ఆదివారం సాయంత్రం నాలుగు నలభైకి ఫోన్ వచ్చింది. వాన పడుతుండగా ముద్దనూరు దాటినాక మలుపులో కారు జారి, కల్వర్టు గోడకు కొట్టుకుని ఒరిగింది. కిటికీ మీద పెట్టుకున్న బ్రహ్మయ్య కుడిచేయి కింద పడి నలిగింది.

సోమవారం పొద్దున ఆ కారు దగ్గరకు నేనే పోయాను. నాలుగు టైర్లూ కొత్తవి. పక్కన LT అని ఉంది, అంటే గూడ్స్ బండ్లకు వేసే లోడ్ టైరు. గేజి పెట్టి చూస్తే గాలి యాభై పౌండ్లు, ఆ కారుకు ఇరవై చాలు.

కొట్టుకు వచ్చి ఓబులేసును నిలదీశాను.

"సైజు నువ్వు రాసిండేదే కదొదినా. 155, 13. అదే వేసినా."

"అవి సరుకు మోసే బండ్లవి."

"కారు టైరు నాలుగు ప్లై, ఇది ఎనిమిది ప్లై. బలం ఎక్కువిచ్చినా గానీ తక్కువియ్యలా. ఆ మనిషి గూడా గట్టివే కావాలన్నాడు."

ప్లై అంటే టైరు ఎంత బరువు మోయగలదో చెప్పే లెక్క. మోసే బలం వేరు, రోడ్డును పట్టే గుణం వేరు.

"గాలి యాభై ఎందుకు పెట్టినావు?"

"రాడ్డుతో కొడితే కంగుమనల్ల గదా. మనమెప్పుడూ అట్లనే గదా పట్టేది."

"నాపరాళ్లు ఎత్తినావా దాంట్లో? ఎన్ని టన్నులు?"

మా వైపు ఇదొక జబ్బు. రాళ్ల లారీలు చూసి చూసి, కంగుమన్నదే మంచి టైరని అందరూ నమ్ముతారు. ఆ టైర్ల మీద ఆ కారు బరువు చాలక రబ్బరు అణగనే లేదు. తడిరోడ్డు మీద నాలుగు చెక్క చక్రాలు దొర్లినట్టు దొర్లింది. "రేపట్నుంచి రాకు" అన్నాను. ఇంట్లో అందరూ చెప్పి చూశారు. నేను వినలేదు.

ఆసుపత్రిలో బ్రహ్మయ్య కట్టు చూపించాడు.

"చిమటాతో రాయి ఎత్తి పెట్టేదానికి ఎన్ని వేళ్లు కావల్లో తెలుసునా అక్కా? రెండే. ఆ రెండే తీసేసినారు."

"బుధవారమని చెప్తి గదరా నీకు."

"చెప్తివి. ఎందుకో చెప్పకపోతివి. శనివారం నీ మరిది సైజు అదేనంటే అదేననుకుంటి."

వాడి తొందర మీద, మరిది తెలివి మీద కోపం ఈనాటికీ చల్లారలేదు. కానీ ఆ మాట నా మీదికే వచ్చింది. బరువు తూపించాను, గాలి ఎంతో మనసులో అనుకున్నాను, చీటీ మీద మాత్రం రెండు అంకెలు గీకి పడేశాను. సైజు రాయడం టైరు ఎంచడం కాదు. అది రిమ్ముకు ఎక్కుతుందా లేదా అన్నంత వరకే. ఇప్పుడు మా చీటీలో సైజు కింద బండి బరువు, పెట్టాల్సిన గాలి, ఏ రకం వేయకూడదో, ఎందుకు వేయకూడదో రాస్తాను. కొన్నవాడి చేత పైకి చదివిస్తాను. విసుక్కునేవాడికి అమ్మను.

పోయినవి ఇవి. బ్రహ్మయ్య కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు. పదహారేళ్లుగా చేసిన రాళ్లు పొదిగే పని. నాలుగేళ్లు కూర్చిన కారు. మా మరిది ఇంటితో మాకు రాకపోకలు.