వంటవాళ్ల పేర్లు లేని పాలసీ

దమయంతికి కోపం ఎక్కువని చిక్కడపల్లిలో ఆమెను ఎరిగినవాళ్లంతా అంటారు. ఆమె కాదనదు. అశోక్ నగర్‌లో సర్కారు కొలువుల పరీక్షలకు చదివేవాళ్ల హాస్టల్లో తొమ్మిదేళ్లు వంట చేసింది. ఒకరోజు హాస్టల్ యజమాని పప్పులో ఇంకో రెండు చెంబుల నీళ్లు పొయ్యమన్నాడు. పోసింది. ఆ నీళ్ల పప్పునే గిన్నెలో పట్టుకుని వీధి చివర ఉన్న అతని ఇంటికి పోయి, భోజనానికి కూర్చున్నవాడి కంచంలో వడ్డించి, తినేదాకా ఎదురుగా నిలబడింది. మర్నాడు పని పోయింది. అదే వంటింట్లో పనిచేసే రాజేశం కూడా, చెల్లె లేని చోట తనకేం పనని గరిటె కింద పడేసి వెంట వచ్చేశాడు. తోడబుట్టినవాడు కాదు, ఏళ్ల తరబడి ఒకే పొయ్యి దగ్గర నిలబడి అన్న అయినవాడు.

వాళ్లిద్దరినీ పనిలో పెట్టుకున్నది విశ్వేశ్వరరావు. చిక్కడపల్లిలో ఒక మేడ మీద అతని యాత్రల ఆఫీసు. కాశీ, గయ, ఏడాదికి రెండుసార్లు నేపాల్‌లోని ముక్తినాథ్. బోర్డు మీద దేవుడి పేరు కంటే పెద్ద అక్షరాలతో 'తెలుగు భోజనం' అని రాయించాడు. ఊరికే రాయించలేదు. మనవాళ్లు హిమాలయాల దాకా పోయినా పొద్దున ఉప్మా, మధ్యాహ్నం చారు, చివర పెరుగన్నం ఉండాల్సిందే. లేకపోతే పుణ్యం దక్కినా తృప్తి ఉండదు. అందుకని ప్రతి యాత్రలోనూ బస్సు డిక్కీలో గ్యాస్ పొయ్యి, గంజులు, పచ్చడి డబ్బాలు. లోపల చివరి సీట్లో దమయంతి, రాజేశం.

నేపాల్ ఎంత దగ్గరైనా పరాయి దేశమే. ఆ కొండల్లో ఎవరికైనా జబ్బు చేస్తే ఆస్పత్రి ఖర్చు, హెలికాప్టర్‌లో కిందికి దించే ఖర్చు ఇన్సూరెన్స్ వాళ్లు భరించేలా విశ్వేశ్వరరావు పాలసీ తీసుకుంటాడు. బుకింగుకు వచ్చిన ప్రతివాళ్లకూ ఆ సంగతి నోరారా చెబుతాడు. మా బస్సు ఎక్కినవాళ్లందరికీ పాలసీ ఉంటుంది, మీరు నిశ్చింతగా ఉండండి అంటాడు. పన్నెండేళ్లుగా ఆ మాట వింటున్న దమయంతి, అందరిలో తానూ ఉన్నాననుకుంది. బస్సయితే ఆమె కూడా ఎక్కుతోంది కదా.

పోయిన అక్టోబరులో ముప్పై నాలుగు మందితో జోమ్‌సోమ్ చేరారు. ముక్తినాథ్‌కు కింద, యాత్రికులు బస చేసే ఊరు అది. పొద్దున ఆరున్నరకు ఉప్మా గంజు దించబోయిన రాజేశం దాన్ని వదిలేసి ఛాతీ పట్టుకుని కూలబడ్డాడు. ఉప్మా నేలపాలైంది. అక్కడి చిన్న ఆస్పత్రి డాక్టరు వచ్చి చూసి, గుండెపోటు, వెంటనే పోఖరాలోని పెద్దాస్పత్రికి చేర్చాలన్నాడు. జీపులో అయితే రాళ్ల దారిలో రోజంతా పడుతుంది. హెలికాప్టర్‌లో అరగంట. కానీ పదకొండు దాటితే ఆ లోయలో గాలి లేస్తుంది, ఇక ఏదీ ఎగరదు.

హెలికాప్టర్ వాళ్లు పాలసీ నంబరు అడిగారు. యాత్ర మేనేజరు వినయ్ ఫైలు తీసి పేర్లు చదవడం మొదలుపెట్టాడు. ఒకసారి చదివాడు, మళ్లీ మొదటి నుంచి చదివాడు. ముప్పై నాలుగు పేర్లున్నాయి. రాజేశం పేరు లేదు. దమయంతి పేరూ లేదు. చిక్కడపల్లికి ఫోన్ కలిపితే స్పీకర్లో విశ్వేశ్వరరావు గొంతు ప్రశాంతంగా పలికింది.

"వంటోళ్లు స్టాఫ్ గద వినయ్. పాలసీ ప్యాసింజర్లకే. జీపుల పంపియ్, మెల్లగ పోతడు."

దమయంతికి ఒళ్లంతా మండిపోయింది. ఎవరికి చక్కెర వద్దో, ఎవరికి ఉప్పు తగ్గించాలో, ఎవరు ఉల్లిపాయ ముట్టరో పేరుపేరునా గుర్తుపెట్టుకుని వండిన మనుషుల పేర్లు రాయడానికి ఆ కాగితంలో రెండు గీతల జాగా దొరకలేదా? గంజులను లెక్కపెట్టి బస్సు ఎక్కించేవాడికి మనుషులు గుర్తురాలేదా? ఫోన్లో అడగడానికి ఆమె నోరు తెరిచేలోపే అతను పెట్టేశాడు.

ఆమె పోయి పొయ్యి ఆర్పింది. సిలిండర్ మీది రెగ్యులేటర్ ఊడదీసి కొంగున ముడేసుకుంది. వచ్చి రాజేశం తల దగ్గర కూర్చుని అతని చెయ్యి పట్టుకుంది. చెయ్యి చల్లగా, చెమట పట్టి ఉంది.

యాత్రికులు ప్లేట్లతో వచ్చారు. అయ్యో అన్నవాళ్లున్నారు, దేవుడున్నాడన్నవాళ్లున్నారు. ఆ దేవుడి పేరు చెప్పి వినయ్‌ని గట్టిగా నిలదీసినవాళ్లు ఒక్కరూ లేరు. ఎనిమిదయింది. లాడ్జివాళ్లు నూడుల్స్ చేసిస్తామంటే ముఖాలు చిట్లించారు. కవాడిగూడ నుంచి వచ్చిన కిషన్ రావు రిటైరైన ఆఫీసరు, షుగరు మనిషి. ఆయనకు ఓపిక అయిపోయింది.

"దేవుని కాడికొచ్చి గీ లొల్లి ఏందమ్మా? గోళీలు ఏసుకోవాలె, జర టిఫిన్ చెయ్యి."

"మా పేర్లు గా కాయితంల లేవంట సార్," అంది దమయంతి, లేవకుండానే. "కాయితంల లేనోళ్ల చేతి వంట మీకెందుకు?"

కిషన్ రావు పక్కకు పోయి విశ్వేశ్వరరావుకు ఫోన్ చేశాడు. ఆయన మాటలన్నీ దమయంతికి వినిపించాయి. పొద్దున టిఫిన్ లేదన్నాడు, మధ్యాహ్నం భోజనం ఉండేట్టు లేదన్నాడు, ఇదేనా మీ తెలుగు భోజనం అన్నాడు, తిరిగొచ్చాక అందరం కలిసి ఆఫీసుకే వస్తామన్నాడు. అంత మాట్లాడినవాడి నోట రాజేశం పేరు ఒక్కసారీ రాలేదు. అయినా పది నిమిషాల్లో వినయ్‌కి ఫోన్ వచ్చింది, డబ్బు ఆఫీసు కడుతుంది, హెలికాప్టర్ పిలవమని. తొమ్మిదిన్నరకు అది దిగింది. రాజేశం ప్రాణం కోసం రాని హెలికాప్టర్ ముప్పై నాలుగు ప్లేట్ల ఉప్మా కోసం వచ్చింది. దమయంతి ఆ సంగతి ఇప్పటికీ మరచిపోలేదు, ఎవరినీ మరచిపోనివ్వదు.

రాజేశం బతికాడు. బరువులు ఎత్తొద్దన్నారు కాబట్టి ఇప్పుడు అశోక్ నగర్‌లో పాత పుస్తకాలు అమ్మే బండి దగ్గర కూర్చుంటున్నాడు.

ఈ ఏప్రిల్లో మళ్లీ ముక్తినాథ్ యాత్ర పడింది. ఈసారైనా వంటవాళ్ల పేర్లు రాయమని దమయంతి అడిగింది. ఆ పాలసీ స్టాఫ్‌కు వర్తించదనీ, అంత భయముంటే సొంతంగా తీసుకొమ్మనీ విశ్వేశ్వరరావు చెప్పాడు. సరేనని ఆమె నారాయణగూడలో ఇన్సూరెన్స్ పాలసీలు చేసే నళిని దగ్గరికి పోయింది. నళిని మంచిది, ఓపికగా ఫారం నింపసాగింది. ప్రయాణం ఎందుకు అన్న గడి దగ్గర పెన్ను ఆపింది. వంట పనికి అని రాస్తే ఈ పాలసీ ఇవ్వరనీ, అందరూ తీర్థయాత్ర అనే రాయిస్తారనీ చెప్పింది. అట్లా రాస్తే ఎవరు పట్టుకుంటారని దమయంతి అడిగింది. మామూలుగా ఎవరూ పట్టుకోరట. ఏమన్నా అయిన రోజు మాత్రం, అక్కడ మీరు ఏం చేస్తున్నారని అడుగుతారట.

తీర్థయాత్ర. ఆ మాట వినగానే దమయంతికి ఎక్కడో కాలింది. పన్నెండేళ్లుగా ఏడాదికి రెండుసార్లు జోమ్‌సోమ్ దాకా పోతోంది. ముక్తినాథ్ గుడి ఎట్లా ఉంటుందో ఆమెకు తెలియదు. దర్శనానికి జీపులు పైకి పోయిన పూటే కింద ఆమెకు పని ఎక్కువ. వాళ్లు నెత్తిన నీళ్లు చల్లుకుని, పుణ్యం మూటగట్టుకుని దిగేసరికి అన్నం పొగలు కక్కుతూ ఉండాలి. ఇన్నేళ్లూ ఆమె దాన్ని తక్కువనుకోలేదు, అన్నం పెట్టడమే తన దర్శనం అనుకుంది. ఇప్పుడు ఆ ఫారం ముందు కూర్చుంటే అంతా గుర్తొచ్చి, తన మీద తనకే కోపం వచ్చింది. అట్లాగే రాయమని చెప్పి, సంతకం చేసి లేచింది.

అటు నుంచి అటే చిక్కడపల్లి ఆఫీసుకు పోయి, పాలసీ కాగితం విశ్వేశ్వరరావు బల్ల మీద పెట్టింది. అతను సంతోషించాడు. తనకు తిప్పలు తప్పాయనుకున్నాడు.

"తీర్థయాత్రకు పోతున్న అని సంతకం పెట్టిన సార్," అంది దమయంతి. "పెట్టిన సంతకం సగమన్న నిజం గావాలె గద. దర్శనం పూట నేను గూడ జీపెక్కి పైకి పోత. ఆ పూట పొయ్యి ముట్టియ్య."

విశ్వేశ్వరరావు ముఖంలో నవ్వు పోయింది. "మరి ప్యాసింజర్లు ఏం తినాలె?"

"వాళ్ల పాలసీల ఏమన్న రాసుందేమో చూడుండ్రి," అని ఆమె తన కాగితం మడిచి తీసుకుంది.