వదినగారి పొడి

టైలరమ్మ వేళ్లు తెల్లారేసరికి బిగుసుకుపోతాయి. కీళ్లవాతం పట్టుకుని ఏళ్లయింది. డాక్టరిచ్చిన మాత్రలతో ఎలాగోలా నెట్టుకొస్తూ కొట్టు నడుపుతోంది. మిషను పని పర్లేదు గానీ, గుండీలకు కాజాలు చేత్తోనే కుట్టాలి. అక్కడే ప్రాణం మీదికొస్తుంది.

అలాంటి సమయంలో భర్త అక్కగారు మూలికల పొడి డబ్బా పట్టుకుని ఊడిపడింది. అంతా ప్రకృతి సహజమేనట, ఇక వాతం సంగతే మరిచిపోవచ్చట. టైలరమ్మకు ఒళ్లు మండింది. కానీ వద్దంటే ఆ మూతి విరుపులు ఎవరు భరిస్తారు? ఎందుకొచ్చిన గొడవ అనుకుని, మాత్రలు మానకుండానే, రోజూ ఆ పొడిని వేడినీళ్లలో కలుపుకుని ముక్కు మూసుకుని మింగసాగింది. ఏం రుచో అది! తడిసిన గోనెసంచి పిండుకుని తాగినట్టుంది.

పోనీ అంతటితో ఊరుకుందా మహాతల్లి? పొద్దున లేస్తే ఫోను, ఎలా ఉందంటూ. "పర్లేదు వదినా" అనేది టైలరమ్మ, ఫోను పెట్టెయ్యడానికి. ఆ 'పర్లేదు' కాస్తా వదిన నోట్లో పడి 'చాలా నయం' అయింది, వీధి మలుపు తిరిగేసరికి 'పూర్తిగా తగ్గిపోయింది' అయి కూర్చుంది. ఇక ముక్కూమొహం తెలియనివాళ్లంతా బట్టలు కుట్టించుకునే వంకతో వచ్చి ఆమె వేళ్లు నొక్కి చూసిపోవడమే. వాపు అలాగే ఉందేమిటని ఒకావిడ అడిగితే, లోపలి చెడంతా బయటికొస్తోందని వదిన సర్దిచెప్పింది. టైలరమ్మ కత్తెర బల్లమీద విసిరేసి, మళ్లీ కాజాలు కుట్టుకోసాగింది.

ఒక మధ్యాహ్నం వదిన బక్కపలచని ఆవిడను వెంటబెట్టుకొచ్చింది. హోటల్లో వంటపని చేస్తుందట, ఆవిడకూ ఇదే జబ్బు. సంచి చేత్తో పట్టుకోలేక మోచేతికి తగిలించుకుంది.

"మీకు తగ్గిపోయిందన్నారమ్మా. అందుకే నా మాత్రలు ఆపేసి పొడి ఒక్కటే తాగుతున్నా. ఇంకెన్నాళ్లకి మీలా అవుతాను?"

టైలరమ్మకు తనమీద తనకే అసహ్యం వేసింది. ఉబ్బిన రెండు చేతులూ ఆవిడ ముందు చాపింది.

"ఇదిగో, ఇలా అవుతారు. నాకేం తగ్గలేదమ్మా. నేను మాత్రలు ఒక్కరోజు కూడా ఆపలేదు."

ఆవిడ మొహం పాలిపోయింది. నమ్మకం లేకుండా తాగితే ఏ మందైనా ఎలా పనిచేస్తుందని వదిన సణిగింది. టైలరమ్మ వినిపించుకోలేదు. ఇప్పుడే డాక్టరు దగ్గరికి వెళ్దాం పదండని ఆవిడను బయటికి నడిపించింది. షట్టరు దించబోతే వేళ్లు వంగలేదు. వంటావిడ కూడా ఒక చెయ్యి వేసి చూసింది. షట్టరు కదల్లేదు.

"వదినా, నువ్వే దించు," అంది టైలరమ్మ. "మా ఇద్దరి వల్లా కావట్లేదు."