టావర్న్, సెలూన్, కల్లు కాంపౌండు

మొన్న ఆదివారం మా మరిది తార్నాకలో కొత్తగా తెరిచిన బ్రూవరీకి కుటుంబాన్నంతా భోజనానికి పిలిచాడు. గాజు గోడల వెనక రాగి పీపాలు, చేతిలో చేంతాడంత మెనూ. ఆ పీపాల్లో ఏం కాస్తున్నారయ్యా అంటే, "మామూలు బీరు కాదొదినా, క్రాఫ్ట్" అన్నాడు. పేరు మార్చుకున్న ఏ వస్తువు మీదా నాకు నమ్మకం లేదు. సారా వాసన తగిలితే వీధి మారిపోయే మా పిన్ని మాత్రం అక్కడ హాయిగా పనీరు ముక్కలు నములుతోంది. చూస్తే ఒళ్లు మండింది. పాతికేళ్ల కిందట నన్ను గూఢచారిని చేసింది ఈవిడే కదా!

అప్పుడు నేను క్యాంపస్‌లో ఎమ్మే చదువుతూ హాస్టల్లో ఉండేదాన్ని. పిన్ని కూతురికి, అదే మా చెల్లికి, ఓ సంబంధం వచ్చింది. అబ్బాయి మా యూనివర్సిటీలోనే ఇంగ్లీషులో పరిశోధన చేస్తున్నాడు. మావాళ్లే, కాకపోతే వాళ్లది తెలంగాణ వ్యవసాయం, మాది కోస్తా ఉద్యోగం. పెళ్లిచూపుల్లో ఇద్దరూ ఇష్టపడ్డారు. తాంబూలాలకు ముందు కుర్రాడి గురించి చాటుగా వాకబు చెయ్యడం మా ఇళ్లలో ఆచారం. చిక్కల్లా ఆ పరిశోధన దేని మీదో తెలిశాకే వచ్చింది: తాగే చోట్లకు ఇంగ్లీషులో ఉన్న పేర్లు! "లోకంలో ఇంకేం దొరకలేదుటే వీడికి?" అంటూ ఆ వాకబు నాకప్పగించింది పిన్ని.

క్యాంటీన్లో పట్టుకుని నిలదీశాను. పాపం, చాయ్ చల్లారబెట్టుకుని మరీ చెప్పాడు. ఇన్‌లో పడక కూడా దొరికేదట, టావర్న్‌లో ద్రాక్షసారా పోసేవాళ్లట, బీరు పోసే ఏల్‌హౌస్ పేదలదట, సెలూన్ అంటే క్షవరం కొట్టు కాదట, అమెరికా వాళ్ల సారా కొట్టట, పబ్ ఊరందరిదీనట. "మరి మీరెందులో తాగుతారు?" అన్నాను. "నేను ఎందుల గూడ తాగనండి, నాకు ఆ వాసననే పడది" అని నవ్వాడు. ఇన్ని పేర్లు తెలిసినవాడికి వాసన పడదంటే నేను నమ్ముతానా?

ఆ ఆదివారం మధ్యాహ్నం అతని వెనకే వారాసిగూడ దాకా నడిచాను. మనిషి సరాసరి కల్లు కాంపౌండులోకి వెళ్లాడు. ఎదుటి కిరాణా కొట్టు దగ్గర ఒక్క నిమిషం నిలబడి వెనక్కి తిరిగాను. ఆడపిల్లను, లోపలికెలా వెళ్తాను? సాయంత్రానికి పిన్నికి చెప్పేశాను. సంబంధం తప్పిపోయింది.

నెల తిరక్కుండా చెల్లికి ఈ బ్రూవరీ మరిదితో తాంబూలాలయ్యాయి. ఆ హడావిడిలోనే పాత సంబంధం మాటొస్తే, పిన్ని ఇంట్లో గిన్నెలు తోమే వారాసిగూడ ఆమె నాతో అంది: "గా సదువుకునే పిలగాడా? మా గల్లీలనే ఉంటరు, చుక్క ముట్టడమ్మా. ఆదివారం ఆదివారం వాళ్లమ్మ కల్లు తాగనీకి వస్తది, ఇంటికి తోల్కపోనీకి ఈన వస్తడు." అక్కడ ఆడా మగా ఒకచోటే కూర్చుంటారట, దాపరికమేమీ లేదట. తాంబూలాలైపోయాయి కదా అని నోరు మూసుకున్నాను. నా జన్మలో నోరు మూసుకున్నది ఆ ఒక్కసారే.

మొన్న మరిది మూడో గ్లాసు పట్టుకుని పక్క టేబుల్ వాళ్లతో క్రికెట్ వాదనలో పడ్డాక, చెల్లి నిమ్మరసం కలుపుకుంటూ అడిగింది.

"అక్కా, ఆ రోజు అతను తాగడం నువ్వు చూశావా?"

"గేటు దాటడం చూశాను."

"తాగడం?"

"లేదే. తల్లిని తీసుకెళ్లడానికి వచ్చాడట. తర్వాత తెలిసింది."

"నా పెళ్లికి ముందా, తర్వాతా?"

"ముందే."

తాంబూలాలు, పరువు, పిన్ని కోపం... నా దగ్గర వాదనలు బోలెడున్నాయి. చెల్లి ఒక్కదానికీ చోటివ్వలేదు. లేచి, ఎప్పటిలాగే మొగుడి జేబులోంచి కారు తాళాలు తీసుకుని, "నేను నడుపుతాను, పదండి" అంది.

నేను వీధిలో నిలబడి చూసింది ఒక్క నిమిషం. ఆ నిమిషంతో తను పాతికేళ్లు కాపురం చేసింది.